సంబంధితులకు... పోర్చుగీసులో!

సూరత్‌లో తాపీ నదికి ఉత్తరాన ఉన్న అమ్రోలిలో నెల తిరిగేసరికి కార్మికులు ఎదురుచూసేది ‘పగార్’ కోసం. గుజరాతీలో, మరాఠీలో జీతానికి ఇదే మాట. తెలంగాణ నుంచి వెళ్లి సూరత్‌లో స్థిరపడిన నేత కుటుంబాలకూ సుపరిచితమే. ఇది పోర్చుగీసు మాటని తెలుసా? ఆ భాషలో ‘పగార్’ అంటే చెల్లించడం. మన తువ్వాలు, బొత్తాం, అల్మారా, మేస్త్రీ కూడా అక్కడివే.

ఆ మాటలతోపాటు మంటలూ వచ్చాయి. 1530లో పోర్చుగీసు సేనాని ఆంటోనియో ద సిల్వైరా సేన సూరత్‌ను తగలబెట్టింది. అలాంటి దాడులకు అడ్డుగా గుజరాత్ సుల్తాను మూడో మహమూద్ కట్టించిన కోట 1546లో పూర్తయింది.

ఇక ఆ ‘పగార్’ ఇచ్చే ఉద్యోగం మానేటప్పుడు యజమాని ఇచ్చే పత్రం మీద ‘టు హూమ్ ఇట్ మే కన్‌సర్న్’ అని ఉంటుంది కదా. చదివేవారి పేరు తెలియనప్పటి సంబోధన అది. ‘ఈ విషయం ఎవరికి సంబంధించినదో వారికి’ అని అర్థం. తెలుగులో ‘సంబంధితులకు’ అంటే సరిపోతుంది. ‘కన్‌సర్న్’ అంటే ఆందోళన కూడా కనుక, నిఘంటువులో మొదట కనిపించిన అర్థం పట్టుకుంటే పత్రం కాస్తా హెచ్చరికైపోతుంది!

పోర్చుగీసులో దీన్ని ‘అ కెం పొస్సా ఇంతెరెస్సార్’ అంటారు. ‘ఇంతెరెస్సార్’ అంటే ఆసక్తి కలిగించడం, సంబంధించడం కూడా. లాటిన్‌లో దాని మూలార్థం ‘మధ్యలో ఉండటం’. ఎంత చక్కని మూలం! సంగతి మధ్యలో ఉన్నవాడికే కదా దానితో పని. బ్రెజిల్‌లో ఇదే మాటను ‘అ కెం ఇంతెరెస్సార్ పొస్సా’ అని తిప్పి కూడా రాస్తారు. ‘వచ్చు’ అనే అర్థమిచ్చే ‘పొస్సా’ అచ్చం మన ‘సంబంధించవచ్చు’లో లాగా చివరికి చేరుతుంది.

సూరత్ చుట్టుపక్కల ఈ అనువాదంతో పనేమిటంటారా? దక్షిణాన ఉన్న డామన్ 1559 నుంచి 1961 వరకు పోర్చుగీసు పాలనలోనే ఉంది. 1961 డిసెంబరు 19కి ముందు అక్కడ పుట్టినవారికి, వారి పిల్లలకు, మనుమలకు పోర్చుగల్ పౌరసత్వం కోరే దారి ఉంది. అలాంటి దరఖాస్తుల్లో పోర్చుగీసులో లేని జనన, వివాహ పత్రాలను ఆ భాషలోకి మార్చాల్సి రావచ్చు. వాటిమీద అపోస్టిల్ ముద్ర (పత్రం విదేశంలో చెల్లేందుకు ఇచ్చే అధికారిక ధ్రువీకరణ) కూడా కావాలి. మన దేశంలో ఆ పద్ధతి 2005లో అమల్లోకి వచ్చింది.

మళ్లీ లేఖ దగ్గరికి వస్తే, దాని చివర మన పెద్దలు ‘ఇట్లు, తమ విధేయుడు’ అని రాసేచోట పోర్చుగల్‌వాళ్లు ‘కొం ఒష్ మెల్యోరెష్ కుంప్రిమెంతుష్’ అంటారు, అంటే ‘శ్రేష్ఠమైన నమస్కారాలతో’ అని. బ్రెజిల్‌వాళ్లు ఒక్క మాటతో ముగిస్తారు: ‘అతెన్సియోజామెంతె’. అంటే, శ్రద్ధతో.