నడక తడబడితే మెదడును ఎందుకు పరిశీలించాలి?

విశాఖపట్నం ఓడరేవు 1933లో ప్రారంభమైనప్పుడు దాని ప్రధాన ఎగుమతి సరుకు మాంగనీసు ఖనిజం. ఉక్కుకు గట్టిదనం ఇచ్చేదీ ఆ లోహమే. అయితే దాని ధూళిని ఏళ్ల తరబడి పీల్చినవారికి నడక తడబడవచ్చునని జాన్ కూపర్ అనే వైద్యుడు 1837లోనే స్కాట్లండ్ కార్మికులలో గమనించాడు. ఈ లక్షణాలు పార్కిన్సన్ వ్యాధిని పోలి ఉంటాయి కనుక, పైకి చూసి రెండింటినీ వేరుచేయడం కష్టం.

మరి తేడా ఎలా తెలుస్తుంది? మరణానంతరం కుటుంబ అనుమతితో సేకరించిన మెదడును ఫార్మాలిన్ ద్రవంలో గట్టిపరచి, ముక్కలను మైనంలో పొదిగి, వెంట్రుక కంటే పలుచని పొరలుగా కోసి, రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూస్తారు. పార్కిన్సన్ వ్యాధిలో మెదడు కాండంలోని నల్లని కణాలు నశించి, మిగిలినవాటిలో లూయీ దేహాలనే ప్రోటీన్ ముద్దలు కనిపిస్తాయి; మాంగనీసు విషప్రభావంలోనైతే దెబ్బ ప్రధానంగా మెదడు లోతులోని గ్లోబస్ పాలిడస్ అనే భాగానికి తగులుతుంది. పార్కిన్సన్‌కు వాడే లెవోడోపా మందు మాంగనీసు బాధితులకు అంతగా పనిచేయకపోవడంలో వింతేమీ లేదు.

స్కిజోఫ్రీనియా వంటి మానసిక వ్యాధులు ఇంత సులువుగా గుట్టు విప్పవు. వాటికి సూక్ష్మదర్శినిలో ఇలాంటి స్పష్టమైన గుర్తు లేనందున, గడ్డకట్టించి భద్రపరచిన కణజాలంలో జన్యువుల పనితీరును పరిశీలిస్తారు. ఇటువంటి పరిశోధనల కోసమే బెంగళూరులోని నిమ్హాన్స్‌లో 1995లో మెదడు బ్యాంకును నెలకొల్పారు.