టేకు వనాల్లో పత్రభక్షక రెక్కల పురుగు: చెట్టు వయసు, వాతావరణాల ప్రభావం

కేరళలోని నీలంబూరు ప్రాంతంలో 1840ల నుంచి టేకును నాటి పెంచుతున్నారు. మలబారు కలెక్టరు కోనొల్లీ చొరవతో మొదలైన ఆ వనాలకు భారతీయ అటవీశాస్త్ర చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. వేసవి చివర ఆ వనాలను మోడులుగా మార్చే రెక్కల పురుగు హైబ్లియా ప్యూరా కూడా అటవీ కీటకశాస్త్రంలో అంతే ప్రసిద్ధి పొందింది. ఈ పురుగు ఉధృతికి చెట్టు వయసు, వాతావరణం అనే రెండు కారణాలను విడివిడిగా పేర్కొనడం పరిపాటి. కాని ఆ రెండూ ప్రధానంగా పనిచేసేది లేత ఆకు ద్వారానే.

ఆడ పురుగు లేత ఆకులను ఎంచుకొని, ఈనెల పక్కన సుమారు 500 గుడ్లను ఒక్కొక్కటిగా పెడుతుంది. రెండు రోజుల్లో వెలువడే పిల్ల లార్వాలు ముదిరిన ఆకును కొరకలేవు. కొంత ఎదిగిన లార్వా ఆకు అంచును కత్తిరించి, మడిచి, ఆ మడతలో దాగి తింటుంది. పూర్తిగా ఎదిగినప్పుడు పెద్ద ఈనెలను మాత్రమే మిగులుస్తుంది. అనంతరం నేలకు దిగి రాలుటాకుల కింద ప్యూపాగా మారుతుంది. వాతావరణం వెచ్చగా ఉంటే ఈ జీవితచక్రమంతా 19 రోజుల్లో ముగుస్తుంది. చల్లబడితే నెల దాటవచ్చు. అంటే ఒక్క చిగురు కాలంలోనే ఒకటికి మించిన తరాలకు అవకాశం ఉంది.

టేకు శీతకాలంలో ఆకు రాల్చి వేసవిలో చిగురిస్తుంది. ఋతుపవనాలకు ముందు కురిసే జల్లులతో దాదాపు ఏకకాలంలోనే పురుగు ఉధృతి కూడా కనిపిస్తుంది. కేరళ అటవీ పరిశోధనా సంస్థకు చెందిన కె.ఎస్.ఎస్. నాయర్, వి.వి. సుధీంద్రకుమార్ల పరిశీలనల్లో తేలిన ముఖ్యాంశం ఏమిటంటే, దాడి వనమంతటా ఒకేసారి మొదలుకాదు. ముందుగా అర హెక్టారు నుంచి ఒకటిన్నర హెక్టార్ల వరకు ఉండే చిన్న మచ్చల్లో, చెట్ల కొనకొమ్మలపై మొదలవుతుంది. అక్కడ పుట్టిన రెక్కల పురుగులు గుంపుగా కదిలి, తరువాతి తరంలో వందల హెక్టార్లకు విస్తరిస్తాయి. గాలులు ఆ కదలికకు తోడ్పడతాయన్న వాదన బలంగా ఉంది. కనుక వాన చిగురును ఇస్తే, గాలి ఆ చిగురును వెతుక్కునే పురుగును మోస్తుందని భావించవచ్చు.

చెట్టు వయసు విషయంలో తరచుగా ఉదహరించే అధ్యయనం 1985 నాటిది. 4 నుంచి 9 ఏళ్ల వయసున్న వనంలో, పురుగు నుంచి కాపాడిన చెట్లు ఏడాదికి హెక్టారుకు 6.7 ఘనపు మీటర్ల కలపను పెంచగా, కాపాడని చెట్లు 3.7 ఘనపు మీటర్లే పెంచాయి. సాధ్యమైన వృద్ధిలో 44 శాతం నష్టపోయినట్లు. దీని ఆధారంగా, 60 ఏళ్లకు రావలసిన కలప రక్షణ, తగిన పోషణ ఉంటే 26 ఏళ్లకే రాగలదని కూడా లెక్కగట్టారు. మొదటి అంకె కొలిచి తేల్చినది; రెండవది లేత వయసు ఫలితాన్ని చెట్టు జీవితకాలమంతటికీ పొడిగించిన అంచనా. వ్యాసాల్లో ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

లేత చెట్టు ఎదుగుదల కాలమంతా కొనన కొత్త ఆకులను వేస్తూనే ఉంటుంది, కనుక దానికి ముప్పు ఎక్కువ కాలం ఉంటుంది. పైగా కొనమొగ్గ దెబ్బతింటే కాండం రెండుగా చీలి, నిటారు దూలానికి పనికిరాకుండా పోతుంది. ముదురు చెట్టులో మాను అప్పటికే ఏర్పడి ఉంటుంది. నష్టం ప్రధానంగా వృద్ధి తగ్గడమే. అయితే ఎత్తయిన చెట్ల కొనల్లోని తొలి మచ్చలు నేల మీద నిలబడి చూసేవారికి కనిపించవు.

ఆకును జల్లెడలా చేసే యూటెక్టోనా మాకెరాలిస్ అనే మరో పురుగుతో పోల్చితే ఈ విషయం మరింత తేటపడుతుంది. అదీ వనాలను గోధుమరంగుకు తిప్పుతుంది, చూపరులను భయపెడుతుంది. కాని అది ముదిరిన ఆకును, రాలే కాలం సమీపించాక తింటుంది. అదే అధ్యయనంలో దానివల్ల వృద్ధికి చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు. పోయిన ఆకు ఎంత అన్నదానికన్నా ఎప్పుడు పోయిందన్నదే అక్కడ కీలకమైంది.

అందువల్ల నీలంబూరు అంకెలను ఆదిలాబాదు వంటి పొడి ఆకురాల్చు అడవులకు యథాతథంగా వర్తింపజేయడం ప్రమాదకరం. వేసవి జల్లులు తక్కువగా పడే చోట చిగురు వేళ మారుతుంది, దానితో పురుగు వేళా మారుతుంది. నియంత్రణకూ ఇదే లెక్క. హైబ్లియాను చంపే వైరస్ గుర్తింపబడినా, అది లార్వాను చంపడానికి కొన్ని రోజులు పడుతుంది; ఎదిగిన లార్వాపై చల్లితే అప్పటికే ఆకు పోయి ఉంటుంది. తొలి జల్లు కురిసిన కొద్ది రోజుల్లోనే, మొదట పదేళ్ల లోపు వనాల్లో, కొనకొమ్మలను గాలించే సిబ్బంది ఉన్నప్పుడే ఆ మందు అక్కరకు వస్తుంది.