ఒక నవల, రెండు పేర్లు

ఇద్దరు యువ రచయితల మధ్య స్నేహం మొలిచే చోటే అసూయ కూడా మొలుస్తుంది. ఈడు ఒకటే, చదివే పుస్తకాలు అవే, కథలు పంపేదీ అవే పత్రికలకు. ఒకరి కథ అచ్చయి, మరొకరిది తిరిగొస్తే ఆ పూట ఇద్దరికీ మాట పెగలదు. ఎక్కడో ఉన్న మహారచయితను చూసి ఎవరూ కండ్లల్లో నిప్పులు పోసుకోరు. పక్కన కూర్చుని చాయ్ తాగేవాడి పేరే గుచ్చుకుంటుంది. రాతప్రతిని ముందుగా చదివి మంచిచెడ్డలు చెప్పేవాడూ అతనే కనుక, ఆ స్నేహాన్ని వదులుకోవడమూ తేలిక కాదు.

ఈ చిక్కుకు తెలుగులో ఉన్న పాత విరుగుడు జంటకవిత్వం. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి చర్ల బ్రహ్మయ్యశాస్త్రి దగ్గర సహాధ్యాయులు. తిరుపతిశాస్త్రి 1920లో కన్నుమూశారు. 1950 దాకా జీవించిన వేంకటశాస్త్రి, మిత్రుడు పోయాక రాసినవాటిని కూడా తిరుపతి వేంకట కవులు అనే ఉమ్మడి పేరుతోనే వెలువరించారు. మిత్రుడు లేని చోట కూడా అతని పేరు చెరపకపోవడం చిన్న విషయం కాదు.

ఉత్తర తెలంగాణలో ఇలాంటి జోడీ మరో రకం కాలంలో కనిపిస్తుంది. 1978లో జగిత్యాల జైత్రయాత్ర పేరుతో రైతుకూలీల ఊరేగింపు జరిగింది. దొరల గడీల మీద రైతుకూలీలు తిరగబడుతున్న ఆ రోజుల్లో కరీంనగర్ జిల్లా యువకులు చాలామంది కలం పట్టారు. మంథని దగ్గరి గాజులపల్లిలో 1952లో పుట్టిన అల్లం రాజయ్య అప్పటికే ఊరి కథలు రాస్తున్నారు. సాహు పేరుతో రాసిన శనిగరం వెంకటేశ్వర్లు ఆదిలాబాద్ ఆదివాసుల మధ్య పనిచేసినవారు. 1981 ఏప్రిల్ 20న అక్కడి ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. ఆ నేపథ్యంలోనే 1983లో ఈ ఇద్దరి పేర్లతో 'కొమురం భీం' నవల వచ్చింది. నిజాం పాలనలో పోడు భూముల కోసం పోరాడి, 1940లో జోడేఘాట్ దగ్గర నేలకొరిగిన గోండు నాయకుడి కథ అది.

కలిసి రాయడం అసూయను ఎందుకు తగ్గిస్తుందో ఈ నవలను బట్టి ఊహించవచ్చు. ఇద్దరూ ఒకే వస్తువు కోసం చేయి చాచినప్పుడే కండ్లమంట రేగుతుంది. ఇక్కడ ఒకరికి అడవి తెలుసు, మరొకరికి కథ నడపడం తెలుసు. ఒకరి దగ్గరున్నది రెండోవారికి కావాలి. పైగా కథ ఇద్దరిదీ కాదు, గోండులది. భీం జ్ఞాపకం అప్పటికే వాళ్ళ గూడేల్లో, పాటల్లో బతికి ఉంది. అలాంటి కథలో ఈ వాక్యం నాది, ఆ వాక్యం నీది అని గీత గీసుకోవడానికి చోటు తక్కువ.

అయినా గీత పూర్తిగా చెరిగిపోదు. రాజయ్య విడిగా రాసిన 'కొలిమంటుకున్నది' చదివి ఈ నవల తెరిచిన పాఠకుడికి తెలిసిన గొంతు కొన్ని పేజీల్లో పలకరిస్తుంది. కానీ అట్ట మీద మాత్రం రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి.