చిన్న కళాశాలలలో స్వలింగానురాగుల విద్యార్థి జీవితము

అమెరికాకు బిడ్డను చదువునకు బంపిన తల్లి మొదట నడుగునది భోజనమును గూర్చి. రెండవది చలిని గూర్చి. మూడవ ప్రశ్న యొకటి కలదు గాని దానిని బైకి నడుగదు. బిడ్డ యెవరిని వలచుచున్నాడనునదియే యా ప్రశ్న. ఆ వలపు మగవానికి మగవానిపైనను, ఆడుదానికి ఆడుదానిపైనను గలిగినచో ఆ దేశపు చిన్న కళాశాలలలో వారి బ్రతుకెట్లుండునో సోదరీమణులకు దెలుపవలెనని మేమీ వ్యాసము వ్రాయుచున్నాము. చదువుటకు గొంకు గలుగవచ్చును. కాని తెలియక భయపడుటకంటె తెలిసి యోచించుట మేలు.

అచ్చట లిబరల్ ఆర్ట్స్ కళాశాలలనబడునవి మనమెఱిగిన పెద్ద విశ్వవిద్యాలయములవంటివి కావు. పెక్కింట వేయి మొదలు మూడువేలలోపు విద్యార్థులే యుందురు. ఒక వృత్తికి దరిఫీదునిచ్చుటకంటె కావ్యము, చరిత్ర, గణితము, ప్రకృతిశాస్త్రము, సంగీతము కలిపి నేర్పి మనస్సును విశాలము చేయుట వాని యాశయము. 1833లో స్థాపింపబడిన ఓబర్లిన్, 1837 నాటి మౌంట్ హోలియోక్, 1846 నాటి గ్రిన్నెల్, 1864లో క్వేకరు మతస్థులు నెలకొల్పిన స్వార్త్‌మోర్ ఇట్టివి. ఇవి తఱచుగా చిన్న యూళ్లలో నుండును. విద్యార్థులచ్చటనే నివసింతురు, కలిసి భుజింతురు, గురువులు వారిని పేరుపేరున నెఱుగుదురు. కణ్వాశ్రమమువలె లోకమునకు దూరము; లోపల నొకరికొకరు మిక్కిలి దగ్గఱ.

ఈ వలపు నేటి వింత యని తలపరాదు. 1870ల నాటికే వాసర్ స్త్రీల కళాశాలలో ఒక విద్యార్థిని మఱియొక విద్యార్థినికి పూలగుత్తులు, చీటీలు, మిఠాయి పొట్లములు పంపి మనసు గెలుచుకొను నాచారముండెడిది. దానిని వారు స్మాషింగ్ అనెడివారు. వెల్‌స్లీ కళాశాలలో నుపాధ్యాయినియై, ‘అమెరికా ది బ్యూటిఫుల్’ గీతమును రచించిన కేథరీన్ లీ బేట్స్, తోటి యుపాధ్యాయినియగు కేథరీన్ కోమన్‌తో పెక్కేండ్లు కలిసి జీవించెను. 1915లో కోమన్ మరణమే వారిని వేఱుచేసెను. 1901 మొదలు 1937 వఱకు మౌంట్ హోలియోక్ అధ్యక్షురాలైన మేరీ వుల్లీకి జీనెట్ మార్క్స్ అను నుపాధ్యాయిని జీవితసఖి. వారి మనస్సుల లోతు నిర్ణయించుట మా పని కాదు. ఇట్టి స్త్రీలు కలిసి గౌరవముతో బ్రతికిరనుట మాత్రము చరిత్ర.

తరువాతి కాలము కఠినమయ్యెను. స్మిత్ కళాశాలలో న్యూటన్ ఆర్విన్ అను సాహిత్యాచార్యుడుండెను. హెర్మన్ మెల్విల్‌ను గూర్చి వ్రాసిన గ్రంథమునకు 1951లో నేషనల్ బుక్ అవార్డు పొందిన విమర్శకుడాయన. 1960లో పోలీసులు ఆయన యింటిని సోదాచేసి, పురుషుల చిత్రములు దొరకినవని నిర్బంధించిరి. ఆయన పదవి పోయెను. ఆయనతోబాటు ఇద్దఱు చిన్న యుపాధ్యాయుల యుద్యోగములును బోయెను. ఆ యిద్దఱిపై నేరస్థాపనను పై న్యాయస్థానము పిదప కొట్టివేసెను. ఆర్విన్ 1963లో మరణించెను. గురువులకే యీ గతి పట్టిన దినములలో శిష్యుల మాట చెప్పవలెనా?

1969 జూనులో న్యూయార్కు నగరమున స్టోన్‌వాల్ అను పానశాలపై పోలీసులు దాడిచేయగా నచ్చటివారెదురుతిరిగిరి. అటుపిమ్మట కళాశాలలలో స్వలింగానురాగుల సంఘములు వరుసగా వెలసెను. 1973లో అమెరికా మనోవైద్యుల సంఘము ఈ వలపును రోగముల పట్టికనుండి తొలగించెను. స్మిత్, మౌంట్ హోలియోక్ కళాశాలలున్న మసాచుసెట్స్ రాష్ట్రమున 2004లోను, దేశమంతట 2015లోను వీరి వివాహములు చట్టసమ్మతములయ్యెను. 1988 మొదలు అక్టోబరు 11వ తేదీని ‘కమింగ్ అవుట్’ దినముగా, అనగా దాపరికము వీడు దినముగా, జరుపుచున్నారు.

ఇంత స్వేచ్ఛ గలచోట వలపు సులభమని తోచవచ్చును. కాని లెక్క చూడుడు. వేయిన్ని యైదువందల విద్యార్థులలో పదింట నొకరు ఇట్టివారనుకొందము, నూటయేబదిమంది యగుదురు. అందు మగవారు సగమైనచో డెబ్బదియైదుగురు. బయటపడనివారిని, ఇదివఱకే జతగూడినవారిని, అభిరుచి కలియనివారిని తీసివేయుడు. మిగిలినవారు భోజనమున కొక పంక్తికైన జాలరు. వారును ఒకే సంఘములో, ఒకే నాటకములో, ఒకే వసతిగృహములో నుందురు. స్నేహితుని పూర్వపు చెలికాడే తన నేటి చెలికాడగుట యచ్చట వింత గాదు. కలహించి విడిపోయినను మఱునాటి యుదయము భోజనశాలలో నెదురుపడక తప్పదు. చేతిఫోనులో జతను వెదకు సాధనములున్నవి. కాని ఐయోవా రాష్ట్రపు మొక్కజొన్న పొలముల నడుమనున్న గ్రిన్నెల్ వంటి యూరిలో నవి చూపునవి తఱచు తెలిసిన ముఖములే. అందుచే పొరుగు కళాశాలలతో రాకపోకలు మేలు చేయును. స్వార్త్‌మోర్, హేవర్‌ఫర్డ్, బ్రిన్ మార్ మూడింటి విద్యార్థులు ఒండొరుల కళాశాలలలో పాఠములు వినవచ్చును. ఆమ్హర్స్ట్, స్మిత్, మౌంట్ హోలియోక్ నడుమ బస్సులు తిరుగుచుండును.

చిన్నతనమున కొక సుగుణమును గలదు. భోజనమునకు రాని బిడ్డను గమనించువారచ్చట నుందురు. వలపు దొరకని వానికిని స్నేహము దొరకును. ఆ స్నేహమే పలువురకు రెండవ కుటుంబమగును.

అసలు కష్టము కళాశాలలో గాక యింటిలో నున్నది. శీతకాలపు సెలవులలో వసతిగృహములు సాధారణముగా మూయబడును. ఇంటివారు రావలదన్న బిడ్డ యెక్కడికి బోవలెను? ఆ దేశపు ప్రభుత్వ విద్యాసహాయమునకు 24 ఏండ్లు నిండని విద్యార్థి, వివాహము మొదలగు కొన్ని కారణములు లేనిచో, తల్లిదండ్రుల యాదాయపు లెక్క చూపవలెను. వారు రుసుము చెల్లింపమనుట మాత్రముచే నీ నిబంధన సడలదు. బిడ్డను వారు వెడలగొట్టిరనియో, ఆ యింట నుండుట యపాయమనియో కళాశాల యధికారికి ఋజువు చూపవలెను. పందొమ్మిదేండ్ల బిడ్డ తన తల్లి తన్ను విడిచినదని కాగితముపై వ్రాసి, సాక్షులను దెచ్చుటకంటె దైన్యమేమున్నది? తల్లిదండ్రుల కోపమొక పూటది. దాని వలన బోవు చదువు జన్మమంతటిది.

మన దేశమున 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఈ వలపు నేరము గాదని తీర్పు చెప్పెను. 2023 అక్టోబరు 17న వివాహపు హక్కు మాత్రము నిరాకరించెను. కావున మన బిడ్డ అచ్చట నొకరిని బెండ్లాడగలడు. ఇచ్చట నా పెండ్లికి చట్టపు గుర్తింపు లేదు. ఆదివారపు ఫోనులో మాట తడబడుటకు ఇట్టి కారణమును ఉండవచ్చును.

కణ్వమహర్షి తీర్థయాత్రనుండి మరలివచ్చి, తాను లేనపుడు శకుంతల యొకని వరించెనని తెలిసికొనెను. ఆ కథ వేఱు. తండ్రి నడవడియే మనకు వలసినది. శపించుటకు దపశ్శక్తి గలవాడయ్యు శపింపడయ్యెను. దీవించి, కంట నీరు నించి, తోడిచ్చి పంపెను. శపించినవాడు దుర్వాసుడు, అతడు పెంచినవాడు గాడు. బిడ్డ యొకనాడు ఫోనులో నీ మాట చెప్పినచో, సోదరీమణులారా, వెంటనే బదులు తోచకపోయినను దోషము లేదు. ఎప్పటివలె, భోజనము చేసితివా యని యడుగుడు. తక్కిన మాటలకు దారి యా ప్రశ్నలోనే యున్నది.