ఏడు నెలలు, ఏడు అంకాలు: దోహా ఫ్లాట్‌లో కన్యాశుల్కం

నాటకం వేయాలంటే నెలల తరబడి రిహార్సల్స్ కావాలి, హాలు కావాలి, మేకప్ చేసేవాళ్లు కావాలి. దోహాలోని ఫరీజ్ అబ్దుల్ అజీజ్ లాంటి పాతపేటలో ఉండే మనవాళ్లకు ఇవన్నీ ఎలా కుదురుతాయి? ఒకరికి నైట్ డ్యూటీ, ఇంకొకరు సైటు నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిది, పిల్లలకేమో పరీక్షలు. అందుకే చాలాచోట్ల నాటకం కోరిక వార్షికోత్సవంలో పది నిమిషాల స్కిట్‌తో తీరిపోతుంది. అంతకంటే ఎక్కువ చేయాలనుకునేవారికి ఒక దారి ఉంది. అదే నాటక పఠనం.

పఠనమంటే పాత్రలు పంచుకుని, పుస్తకం చేతిలో పెట్టుకుని, కూర్చునే నాటకాన్ని చదవడం. కంఠస్థం పట్టక్కర్లేదు, వేషాలు అక్కర్లేదు. ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు అనే రంగసూచనలను ఒకరు చదువుతారు. గొంతుతోనే నాటకం నడవడం మనకు కొత్త కాదు. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక, తెలుగు ఇళ్లు ఎన్నో ఏళ్లు నాటకాలను చెవులతోనే చూశాయి.

ఖతర్‌లో ఔత్సాహిక నాటకానికి చరిత్ర కూడా ఉంది. ఇంగ్లిష్ నాటకాలు వేసే దోహా ప్లేయర్స్ బృందం 1954లో మొదలైంది. ఉద్యోగాల కోసం వచ్చినవారు తీరిక వేళల్లో నడుపుకున్న బృందమది. 2005 మార్చి 19న షేక్‌స్పియర్ ‘ట్వెల్ఫ్త్ నైట్’ ప్రదర్శన జరుగుతుండగా వారి థియేటర్‌పై కారుబాంబు దాడి జరిగింది. ఒక బ్రిటిష్ పౌరుడు ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత కూడా బృందం ఇతర వేదికల మీద నాటకాలు కొనసాగించింది. భవనం పోయినా మనుషులు కలుస్తూ ఉంటే నాటకం నిలుస్తుందని అర్థమవుతుంది.

ఇక ఏ నాటకం చదవాలి? మొదటి సీజన్‌కు గురజాడ ‘కన్యాశుల్కం’ సరిపోతుంది. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన ఈ నాటకాన్ని గురజాడ బాగా పెంచి, 1909లో రెండో కూర్పుగా తెచ్చారు. ఇప్పుడు మనం చదివేది అదే. మొత్తం వేయాలంటే గంటలు పడుతుంది కాబట్టి రంగస్థలం మీద సాధారణంగా కుదించే వేస్తారు. పఠనంలో ఆ ఇబ్బంది లేదు. అందులో ఏడు అంకాలున్నాయి. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా నెలలు కూడా ఏడే. నెలకో అంకం చదివితే, కందుకూరి వీరేశలింగం జయంతి అయిన ఏప్రిల్ 16న, అంటే తెలుగు నాటకరంగ దినోత్సవం నాటికి, నాటకం పూర్తవుతుంది. వేసవి సెలవులకు ఇండియా ప్రయాణాలు మొదలయ్యేలోపే సీజన్ ముగుస్తుంది.

కూర్పుకు శుక్రవారం సాయంత్రం అనువైనది. రంజాన్ మాసం మధ్యలో వస్తే ఇఫ్తార్ తరువాత రాత్రికి మార్చుకోవచ్చు. అంకాలన్నీ ఒకే నిడివిలో లేవు కాబట్టి పెద్దవాటి మధ్య టీ విరామం పెట్టుకోవాలి. ప్రతి పాత్రకూ ఇద్దరిని అనుకుంటే ఒకరికి డ్యూటీ పడినా కూర్పు ఆగదు. ప్రతులు పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి, వారం ముందే అందరికీ ఇవ్వాలి. ఇంట్లో చదువుకోవడం వేరు, హాలు తీసుకుని పదిమందినీ పిలవడం వేరు. అలా చేయాలనుకుంటే ముందుగా తెలుగు సంఘం పెద్దలను అడిగి, కావలసిన అనుమతులు తెలుసుకోవాలి.

హక్కుల సంగతీ చూసుకోవాలి. భారత చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. గురజాడ 1915లో, ‘వరవిక్రయం’ రాసిన కాళ్లకూరి నారాయణరావు 1927లో కన్నుమూశారు. వారి నాటకాలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆత్రేయ మరణించింది 1989లో కాబట్టి ఆయన నాటకాలను బహిరంగంగా చదవాలంటే హక్కుదారులను అడగాలి. వరకట్నం మీద రాసిన ‘వరవిక్రయం’ రెండో సీజన్‌కు బాగుంటుంది.

అసలు లాభం పిల్లలది. మన పిల్లల్లో చాలామందికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లో వస్తుంది. వీడియో కాల్‌లో అమ్మమ్మ ఏమడిగినా రెండు ముక్కల్లో తేల్చేస్తారు. తెలుగు క్లాసులో అక్షరాలు వస్తాయి గానీ, కోపంగా, వేళాకోళంగా, బతిమాలుతూ మాట్లాడే తెలుగు రాదు. పాత్ర చేతికొస్తే పూర్తి వాక్యం పలకాల్సిందే. ఎదుటివారి మాట అందుకోవాల్సిందే. తెలుగు చదవడం రాని పిల్లలకు నాలుగైదు సంభాషణలు నోటితో నేర్పి కూర్చోబెట్టవచ్చు. కరటకశాస్త్రి శిష్యుడు ఆడపిల్ల వేషంతో పెళ్లికూతురయ్యే ఘట్టం వారికి భలే నచ్చుతుంది. అయితే నాటకంలో తాగుడు, వేశ్యల ప్రస్తావనలు, కులాల మాటలు ఉన్నాయి. పెద్దలు ముందే చదివి, పిల్లలు ఏ రంగాల్లో ఉండాలో తేల్చుకోవాలి. చిన్నపిల్లలను డబ్బుకు ముసలివాళ్లకు కట్టబెట్టిన రోజులవని వారికి చెప్పాలి కూడా.

ఇందులో పెద్దలకూ ఒక చురక ఉంది. కొడుకు ఇంగ్లిష్ మాట్లాడితే వినాలని వెంకమ్మకు సరదా. గిరీశం, వెంకటేశం ఏవో రెండు ముక్కలు అప్పజెబితే ఆ తల్లి మురిసిపోతుంది. ఆ రంగం చదివేటప్పుడు మన ఫ్లాట్లలో నవ్వుతో పాటు కాస్త ఆలోచనా పుడుతుంది. పిల్లల ఇంగ్లిష్ చూసి మురిసిపోవడంలో మనమేం తక్కువ తినలేదు కదా.

మొదలుపెట్టడానికి ఎనిమిది మంది చాలు. మొదటి కూర్పుకు మొదటి అంకం ప్రతులు తీయండి. గిరీశం పాత్ర ఎవరికివ్వాలన్న దగ్గరే కాసేపు వాదన జరుగుతుంది. జరగనివ్వండి.