తల్లి కడుపులో మొదలయ్యే ఆరోగ్యం: అపోహలు – వాస్తవాలు

గర్భంలో గడిచే తొమ్మిది నెలల ప్రభావం పురుటితో ముగిసిపోదు. గుండెజబ్బు, షుగరు, బీపీ వంటి నడివయసు జబ్బుల మూలాలు కొంతవరకు తల్లి కడుపులోనే పడతాయన్న ఆలోచనను 1980ల చివర్లో గట్టిగా ముందుకు తెచ్చినవాడు ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌కు చెందిన వైద్యుడు డేవిడ్ బార్కర్. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911 నుంచి ఇంటింటికీ తిరిగిన ఆరోగ్య కార్యకర్తలు ప్రతి బిడ్డ పుట్టినప్పటి బరువును, ఏడాది నిండేనాటి బరువును పెద్ద పుస్తకాల్లో రాసిపెట్టారు. ఆ బిడ్డలు పెద్దవాళ్లై ఏ జబ్బుతో చనిపోయారో బార్కర్ బృందం ఆరా తీసింది. తక్కువ బరువుతో పుట్టిన మగవాళ్లలో గుండెజబ్బు మరణాలు ఎక్కువగా తేలాయి.

గర్భిణికి జాగ్రత్తలు చెప్పేవాళ్లకు తెలుగు ఇళ్లలో కొదవ లేదు. అయితే ఆ జాగ్రత్తల్లో చాలా భాగం బిడ్డ రంగు చుట్టూ, గ్రహణం చుట్టూ తిరుగుతుంది. ఒంట్లో రక్తం ఎంత ఉంది, షుగరు ఎంత ఉంది, కంచంలో ఏముంది అన్న అసలు ప్రశ్నలు వెనకబడతాయి.

“తల్లి తినకపోయినా బిడ్డ తనకు కావలసింది లాక్కుంటుంది”

ఇందులో నిజం సగమే. కాల్షియం వంటివి తల్లి ఎముకల నుంచి తరిగి మరీ బిడ్డకు చేరతాయి. ఆ సర్దుబాటుకు ఒక హద్దు ఉంది. హద్దు దాటితే ఏమవుతుందో నెదర్లాండ్స్‌లో 1944–45 చలికాలపు కరువు చూపింది. నాజీ సైన్యం ఆహార రవాణాను అడ్డుకోవడంతో పశ్చిమ ప్రాంత పట్టణాల్లో మనిషికి దొరికే రేషను రోజుకు వెయ్యి కేలరీల లోపుకు పడిపోయింది, కొన్ని నెలలు అందులో సగానికి కూడా దిగింది. 1945 మేలో విముక్తి రాగానే తిండి మామూలైంది. కరువుకు మొదలూ చివరా స్పష్టంగా ఉండటం వల్ల, గర్భంలోని ఏ నెలలో దాని దెబ్బ తగిలితే ఏ ఫలితం వచ్చిందో తర్వాతి పరిశోధకులు విడదీసి చూడగలిగారు.

చివరి నెలల్లో కరువుకు లోనైన బిడ్డలు తక్కువ బరువుతో పుట్టారు. మొదటి నెలల్లో లోనైనవాళ్లు, ఆ తర్వాత తల్లికి తిండి దొరకడంతో, మామూలు బరువుతోనే పుట్టారు. అయినా నడివయసులో గుండెజబ్బు ఎక్కువగా కనిపించింది ఈ రెండో గుంపులోనే. పుట్టినప్పుడు తూకం బాగుంటే అంతా బాగున్నట్టేనన్న నమ్మకాన్ని ఈ ఒక్క ఫలితమే కదిలించేస్తుంది. అరవై ఏళ్ల తర్వాత వాళ్ల రక్తం పరీక్షిస్తే, ఎదుగుదలకు సంబంధించిన ఒక జన్యువు మీది రసాయన గుర్తులు, కరువు చూడని తోబుట్టువులతో పోలిస్తే తక్కువగా ఉన్నాయి. జన్యువు మారలేదు, అది పనిచేసే తీరును నడిపే గుర్తులు మారాయి.

“నెల తప్పిందని తెలిశాక జాగ్రత్తపడితే చాలు”

మెదడుగా, వెన్నుపాముగా మారే నాళం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకోవాలి. అప్పటికి చాలామందికి నెల తప్పిందన్న అనుమానం కూడా గట్టిపడి ఉండదు. ఆ నాళం సరిగా మూసుకోని బిడ్డను ఒకసారి కన్న తల్లులకు, మళ్లీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ నుంచి వెలువడిన పరీక్ష తేల్చింది. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోమంటారు. ఇలాంటి లోపం ఉన్న బిడ్డ ముందే పుట్టి ఉంటే మోతాదు ఎక్కువ కావాలి, అది డాక్టరు రాయాలి. షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్లు వాటిని అదుపులోకి తెచ్చుకోవలసింది కూడా గర్భం రాకముందే.

“తక్కువ తింటే కాన్పు తేలిక”, “ఇద్దరికి సరిపడా తినాలి”

ఒకే ఇంట్లో ఒకరు ఒకటి చెబితే ఇంకొకరు రెండోది చెబుతారు. రెండూ తప్పే. కావాలని బిడ్డను చిన్నగా ఉంచడమంటే కాలేయం, మూత్రపిండాలు, క్లోమం వంటి అవయవాలు పూర్తిగా రూపుదిద్దుకోకుండా ఆపడమే. మూత్రపిండాల్లోని వడపోత గుచ్ఛాలు నెలలు నిండేనాటికి ఎన్ని ఏర్పడితే అన్నే, తర్వాత కొత్తవి రావు. అవి తక్కువైతే పెద్దయ్యాక బీపీకి దారితీయవచ్చు. ఇక ఇద్దరికి తినడం విషయానికొస్తే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం గర్భిణికి రోజుకు అదనంగా కావలసింది 350 కేలరీలు. రెండు ఇడ్లీలు, ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు కలిపితే దాదాపు అంతే. మరో ముద్ద అన్నం కన్నా ఆ గుడ్డు, ఆ పాలు, పప్పు, ఆకుకూర ఎక్కువ మేలు చేస్తాయి.

“ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుంది”

అన్నిటిలోకీ ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ బహుశా ఇదే. బిడ్డ రంగును తల్లిదండ్రుల జన్యువులు నిర్ణయిస్తాయి, అది గర్భం నిలిచిన క్షణంలోనే ఖాయమైపోతుంది. ఐరన్ మాత్ర నల్లబరిచేది మలాన్ని మాత్రమే. కుంకుమపువ్వు పాలు తాగితే తెల్లని బిడ్డ పుడుతుందన్నదీ ఇదే కోవలోది. ఆ పాలలో బిడ్డకు పనికొచ్చేది పాలే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. దాని ఫలితం తల్లి నీరసంతో ఆగదు. పుట్టాక సుమారు ఆరు నెలల పాటు బిడ్డకు ఆధారం గర్భంలో చివరి మూడు నెలల్లో కూడబెట్టుకున్న ఇనుమే. తల్లిపాలలో ఇనుము చాలా తక్కువ. మెదడు శరవేగంగా ఎదిగే ఆ కాలంలో నిల్వలు చాలకపోతే బిడ్డ చురుకుదనం, నేర్చుకునే శక్తి దెబ్బతింటాయి.

ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఎర్రమాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. టీతో, పాలతో, కాల్షియం మాత్రతో కలిపి వేసుకుంటే ఇనుము సరిగా ఒంటబట్టదు. నిమ్మరసంతో బాగా ఒంటబడుతుంది. వికారంగా ఉంటే రాత్రి భోజనం చేశాక వేసుకోవచ్చు. ఈ నాలుగు మాటలు చెప్పకుండా చేతిలో మాత్రల అట్ట పెట్టి పంపేస్తే అది ఇంట్లో అలమరలోనే మిగిలిపోతుంది.

“గర్భంలో వచ్చే షుగరు కాన్పుతో పోతుంది”

రక్తంలో చక్కెర మామూలు స్థాయికి రావచ్చు, ముప్పు మాత్రం పోదు. తల్లి రక్తంలోని గ్లూకోజు మాయను దాటి బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ దాటదు. దాంతో బిడ్డ క్లోమమే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి, వచ్చిపడే చక్కెరను కొవ్వుగా నిల్వచేస్తుంది. ‘నాలుగు కిలోల బిడ్డ’ అని బంధువులు మురిసిపోయే సందర్భాల్లో కొన్ని ఇలాంటివే. ఇలాంటి పిల్లలకు తర్వాత షుగరు వస్తే అది వంశపారంపర్యమే కదా అన్న సందేహానికి అమెరికాలోని పీమా తెగ కుటుంబాలు జవాబిచ్చాయి. ఒకే తల్లికి షుగరు రాకముందు పుట్టిన పిల్లల కన్నా, వచ్చాక పుట్టినవాళ్లకు ఊబకాయం, షుగరు ఎక్కువగా వచ్చాయి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగించి రెండు గంటలకు రక్తం పరీక్షిస్తారు. 140 లేదా అంతకు మించితే గర్భకాలపు షుగరు. మొదటి పరీక్ష బాగుందని రెండోది మానకూడదు, అది 24–28 వారాల మధ్య చేయించాలి. కాన్పయ్యాక ఆరు వారాలకు తల్లి మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. బిడ్డ హడావుడిలో ఎక్కువగా మరుగునపడేది ఇదే.

“గ్రహణం చూస్తే మొర్రి వస్తుంది”

బిడ్డ పెదవి నాలుగు నుంచి ఏడు వారాల మధ్య, అంగిలి తొమ్మిదో వారం దాకా కలుసుకుంటాయి. కడుపు కనబడే నెలల్లో వచ్చే గ్రహణం అప్పటికే ఏర్పడిన పెదవిని చీల్చలేదు. జన్యువులు, పొగతాగడం, గర్భానికి ముందే ఉన్న షుగరు, మూర్ఛకు వాడే కొన్ని మందులు దీనికి తెలిసిన కారణాల్లో ఉన్నాయి. పట్టు నుంచి విడుపు దాకా మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పడుకోబెట్టడం వల్లనే కీడు. ఇన్సులిన్ వాడే గర్భిణికి అది ప్రమాదకరం.

“ప్రహ్లాదుడిలా కడుపులోనే అన్నీ నేర్పవచ్చు”

ఆరో నెల నుంచి బిడ్డకు శబ్దాలు వినబడతాయి. 1980లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో అప్పుడే పుట్టిన పసికందులు పరాయి స్త్రీ గొంతు కన్నా తల్లి గొంతు వినబడేలా పాలపీక చప్పరించే తీరు మార్చుకున్నారు. అంతవరకు అద్భుతమే. పాటలు, శ్లోకాలు వినిపిస్తే మేధావులు పుడతారనడానికి మాత్రం ఆధారం లేదు. తల్లికి హాయినిస్తే వినడం మంచిదే. బిడ్డ తెలివి మీద నిరూపితమైన ప్రభావం ఉన్నది అయోడిన్ ఉప్పుకు. తల్లిలో అయోడిన్ బాగా తక్కువైతే బిడ్డ మెదడు ఎదుగుదల శాశ్వతంగా కుంటుపడుతుంది.

“సన్నగా పుట్టిన బిడ్డను బాగా మేపితే సరి”

పుణెలోని కేఈఎం ఆసుపత్రి వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం అక్కడి గ్రామాల శిశువులను కొలిచింది. వాళ్ల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్ శిశువులది 3.5. కండ తక్కువే, చర్మం కింది కొవ్వు మాత్రం దాదాపు ఇంగ్లండ్ బిడ్డలంత ఉంది. మన దేశంలో సన్నగా కనబడేవాళ్లకు కూడా షుగరు ఎందుకు వస్తుందో ఇది కొంత చెబుతుంది. ఢిల్లీలో 1969–72 మధ్య పుట్టినవాళ్లను పెద్దయ్యేదాకా గమనిస్తే, రెండేళ్ల వయసులో బక్కగా ఉండి ఆ తర్వాత వేగంగా లావెక్కినవాళ్లకు షుగరు ముప్పు ఎక్కువని తేలింది. మొదటి రెండేళ్ల ఎదుగుదల మేలే చేస్తుంది. ఆ తర్వాత బిస్కెట్లు, చిప్స్‌తో పెంచే బరువే చేటు.

“బిడ్డకు ఏం వచ్చినా తల్లిదే తప్పు”

ఈ పరిశోధనలు చెప్పేది అవకాశాలు పెరగడం, తగ్గడం గురించే. తక్కువ బరువుతో పుట్టినవాళ్లలో ఎందరో నిండు ఆరోగ్యంతో బతుకుతారు. పైగా గర్భిణి తిండి ఆమె ఒక్కతే నిర్ణయించుకునేది కాదు. ఏ వయసులో పెళ్లయింది, ఇంట్లో ఎవరు తిన్నాక తింటుంది, కట్టెల పొయ్యి పొగ ఎంత పీలుస్తుంది, భర్త పక్కనే సిగరెట్ కాలుస్తాడా అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి.

హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో 1987–90 మధ్య జరిగిన ప్రయత్నం ఇందుకు దగ్గరి సాక్ష్యం. వాటిలో 15 ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న–సోయాతో వండిన ఉప్మా రోజూ అందేలా చేశారు. మిగతా 14 ఊళ్లకు ఆ పథకం ఇంకా చేరలేదు. అప్పటి పిల్లలు 13–18 ఏళ్లకు వచ్చాక పరీక్షిస్తే, ఉప్మా అందిన ఊళ్లవాళ్లు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. షుగరుకు దారితీసే ఇన్సులిన్ నిరోధకత వాళ్లలో 20 శాతం తక్కువగా ఉంది, రక్తనాళాలు కూడా అంత బిరుసెక్కలేదు.