చూసినవాళ్ళ మాట

సాంఘిక పాఠంలో హిట్లర్ గురించి చదువుకున్నాం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో (1939-45) నాజీలు, వాళ్ళకు తోడైనవాళ్ళు కలిసి దాదాపు 60 లక్షల మంది యూదుల్ని చంపారు. పరీక్షలో ఈ అంకె రాస్తే మార్కు వస్తుంది. కానీ అంకెకు పేరుండదు, అమ్మానాన్నలుండరు. అవి తెలియాలంటే బతికి బయటపడ్డవాళ్ళు చెప్పాలి.

పైగా నాజీలు సాక్ష్యమే మిగలకూడదని చూశారు. పోలండ్‌లోని ఆష్‌విట్జ్ శిబిరం వదిలిపోయే ముందు కాగితాలు తగలబెట్టారు, శవాలు కాల్చిన భవనాల్ని పేల్చేశారు. "అసలు అలాంటిదేం జరగలేదు" అనేవాళ్ళు ఈనాటికీ ఉన్నారు. అందుకే చూసినవాళ్ళ మాటను దాచుకోవాలి.

మరి ఎలా దాచారు? 1946లో డేవిడ్ బోడర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికా నుంచి యూరప్ వెళ్ళారు. అప్పటికింకా క్యాసెట్లు రాలేదు. సన్నని ఉక్కు తీగ మీద గొంతును పట్టే యంత్రం మోసుకెళ్ళి, వంద మందికి పైగా చెప్పింది వాళ్ళ వాళ్ళ భాషల్లోనే రికార్డు చేశారు. 1979లో అమెరికాలోని న్యూహేవెన్‌లో వీడియో తీయడం మొదలైంది. ఆ టేపులు తర్వాత యేల్ విశ్వవిద్యాలయానికి చేరాయి. 'షిండ్లర్స్ లిస్ట్' సినిమా తీసిన స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1994లో ఒక సంస్థ పెట్టారు. అది 50 వేలకు పైగా సాక్ష్యాలు సేకరించింది. వాళ్ళు ముందు చిన్ననాటి ఇల్లు, బడి గురించి అడుగుతారు. ఆ తర్వాతే శిబిరం సంగతి. చివర్లో పాత ఫోటోలు చూపిస్తారు.

ఏళ్ళు గడిచాక తప్పు గుర్తుండదా? ఉంటుంది. 1944 అక్టోబరులో ఆష్‌విట్జ్ ఖైదీలు తిరగబడ్డారు. అది చూసిన ఒకామె, నాలుగు పొగగొట్టాలు పేలిపోయాయని యేల్ టేపులో చెప్పింది. నిజానికి పోయింది ఒక్కటే. "అయితే ఈ సాక్ష్యం పనికిరాదు" అన్నారు కొందరు చరిత్రకారులు. ఆమె మాట స్వయంగా విన్న మానసిక వైద్యుడు డోరి లౌబ్ ఒప్పుకోలేదు. ఆయన కూడా చిన్నప్పుడు ఆ బాధలు పడి బతికినవారే. లెక్క తప్పినా, ఎదురు తిరగడం ఊహకే అందని చోట ఖైదీలు ఎదురు తిరిగారన్న నిజం ఆమె చెప్పింది కదా అన్నారు. కాబట్టి లెక్క కోసం కాగితం చూడాలి. మనిషికేమైందో తెలియాలంటే మనిషి మాట వినాలి. రెండూ కావాలి.

ఆ రోజులు చూసినవాళ్ళలో చాలామంది పోయారు. ఉన్నవాళ్ళు బాగా ముసలివాళ్ళు. ఇక ముందు ఆ టేపులే మాట్లాడాలి. బీరువాలో భద్రంగా ఉంటే సరిపోదు. ఎవరో ఒకరు ఓపిగ్గా కూర్చుని వినాలి. విన్నప్పుడే అది సాక్ష్యం.